చూడని గోడ లెక్క

అరబ్బు దేశంలో, జహ్రా అనే ఊళ్ళో నేను డ్రైవర్‌గా ఉన్న ఇంటికి నాలుగు వైపులా గోడలున్నాయి. వాటిలో మూడింటి మీద ఎన్ని రాళ్ళున్నాయో నాకు కచ్చితంగా తెలుసు. ముందు వైపు ఆరు వందల పన్నెండు. వీధి మలుపు వైపు ఎనిమిది వందల పదహారు. గ్యాస్ సిలిండర్లూ నీళ్ళ మోటారూ ఉండే సందు వైపు ఎనిమిది వందల ఇరవై ఎనిమిది. నన్నెవరూ లెక్కపెట్టమనలేదు. డ్రైవర్ పనిలో బండి నడిపేది తక్కువ, బండిలో కూర్చునేది ఎక్కువ. కూర్చున్నప్పుడు కొందరు ఫోను చూస్తారు, కొందరు కునుకు తీస్తారు. నేను లెక్కపెడతాను. పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాను కాబట్టి ఒక్కో గోడనీ చాలాసార్లు సరిచూసుకున్నాను.

నాలుగోది వెనక గోడ. దాన్ని నేను చూడలేదు. అటువైపు బట్టలారేసే చిన్న పెరడుంది. అది ఆడవాళ్ళ చోటు, డ్రైవర్ అటు వెళ్ళడు. వెళ్ళొద్దని నాతో ఎవరూ అనలేదు. ఒకరితో అనిపించుకునే దాకా రాకూడని సంగతుల్లో అదొకటి. ఇంటావిడని మేమంతా మామా అంటాం. మామాకి మోకాళ్ళు పట్టేసి ఆ పెరట్లో అడుగుపెట్టి నాలుగేళ్ళు దాటింది. ఆవిడ కూతుళ్ళు పెళ్ళిళ్ళయి వేరే ఇళ్ళకి వెళ్ళిపోయారు. అయినా అది ఆడవాళ్ళ చోటే. ఇప్పుడు అటు వెళ్ళే మనిషి ఒక్కతే, ఇంట్లో పనిచేసే కడప జిల్లా ఆవిడ. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను.

రాళ్ళంటే కట్టుబడి రాళ్ళు కావు. ఇక్కడ గోడ బ్లాకులతో కట్టి, పైన రాతి పలకలు అంటిస్తారు. ఈ ఇంటివి లేత గోధుమ రంగువి. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పై ఎత్తు, రెండున్నర దాకా మందం. ఇల్లు కట్టినప్పుడు వాటిని వట్టి సిమెంటుతోనే అంటించారు. ఎండకి రాయి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సిమెంటు ఆ ఆటకి కొన్నేళ్ళు ఓర్చుకుంటుంది.

మార్చి నెలలో ఒక గురువారం ఉదయం, గాలి గట్టిగా ఉన్నప్పుడు, ముందు గోడ రాయి ఒకటి వచ్చి కారు బానెట్ మీద పడింది. అప్పుడే కారు తుడిచి గుడ్డ పిండుతున్నాను. చప్పుడుకి బాబా బయటికొచ్చాడు. బాబా అంటే ఇంటి యజమాని. ప్రభుత్వ గిడ్డంగిలో ముప్పై ఏళ్ళు సరుకు చూసి రిటైరైన మనిషి. బానెట్ చూశాడు, గోడ చూశాడు, నన్ను చూశాడు.

"పైన ఇంకా ఎన్ని ఉన్నాయి?" అన్నాడు అరబ్బీలో. విసుగ్గా అన్న మాట, జవాబు కోసం కాదు.

"ఈ వైపు ఆరు వందల పదకొండు, బాబా," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "లెక్కపెట్టావా?"

"నిన్నటిదాకా పన్నెండు."

బాబా లోపలికి వెళ్ళాడు. పావుగంటకి మళ్ళీ వచ్చాడు. "రాళ్ళన్నీ తీయించి కొత్తవి వేయిద్దాం. ఎంతవుతుందో నువ్వే కనుక్కొని రా. ఆరు వేల దీనార్లు ఉన్నాయి. ఆ పైన ఒక్క ఫిల్సు లేదు. ఖలాస్." ఆ రోజు నుంచి నన్ను ముహందిస్ అని పిలవడం మొదలుపెట్టాడు. ఇంజినీరు అని అర్థం. జీతం డ్రైవర్‌దే.

మామా కిటికీలోంచి కేకేసింది. "తెల్ల రాయి! పక్కింటివాళ్ళది చూశావుగా, అలాంటిది!"

పడిన రాయిని మా వీధి చివర బకాలాకి, అంటే కిరాణా కొట్టుకి, తీసుకెళ్ళి తూకం వేయించాను. తొమ్మిది కిలోల మూడు వందల గ్రాములు. కొట్టతను కిలో ఎంతకిస్తావని అడిగాడు.

నా చదువు ఏడో తరగతి. కొలతలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా కోనసీమలో కొబ్బరి తోట కౌలుకిచ్చేటప్పుడు ఎన్ని చెట్లున్నాయో చెప్పాలి. అలా నడుచుకుంటూ వెళ్ళి ఒక్కొక్కటే లెక్కపెడితే సగంలో మరిచిపోతాం. ఒక వరుస లెక్కపెట్టి, వరుసలెన్నో చూసి, హెచ్చవేస్తే అయిపోతుందని నాకు నేనే తెలుసుకున్నాను. ఆ తరవాత ఎక్కడా ఆగలేదు. ఈ గోడలకి కూడా అదే లెక్క. వరుసకి ఇన్ని, ఇన్ని వరుసలు, అందులోంచి తలుపులూ కిటికీలూ తీసేయడం. ఒక్కో రాయి చదరపు మీటరులో పద్దెనిమిది శాతం. మూడు గోడలూ కలిపి రెండు వేల రెండు వందల యాభై ఆరు రాళ్ళు, నాలుగు వందల ఆరు పాయింట్ సున్నా ఎనిమిది చదరపు మీటర్లు.

వెనక గోడ దగ్గర మాత్రం పెన్సిల్‌తో, ముందు గోడలాగే ఉంటుందనుకొని, ఆరు వందల పన్నెండు అని రాశాను. నేను పెన్సిల్ వాడను. ఆ అంకె నోటుబుక్కులో ఉన్నన్నాళ్ళూ నాకు అన్నం సరిగ్గా సయించలేదు.

రేట్లు కనుక్కోవడానికి సులైబియాలో రాయి కోసే యార్డుకి వెళ్ళాను. అక్కడ లెక్కలు చూసేవాడు కరీంనగర్ వైపు మనిషి. నా కాగితం తీసుకొని రెండువైపులా తిప్పి చూశాడు.

"ఏం పని జేస్తవే అన్నా నువ్వు?"

"డ్రైవర్నండి."

"మరి గీ కాయితం ఎవరు రాసిండ్రు?"

"నేనేనండి."

"మా ఇంజినీర్‌కు గింత సాఫ్‌గ రాయనీకి రాదు." కాగితం వెనక్కిచ్చాడు. "పాత రాయి తీసుడు, కొత్త రాయి, స్టీలు కొక్కేలతోని పట్టిచ్చుడు, అన్నీ గలిపి మీటర్‌కు పద్నాలుగు దీనార్లు. పరంజా, పాత రాళ్ళు ఎత్తుకపోవుడు అలగ్, నాలుగు వందలు."

"కోతలో తరుగు ఎవరిదండి?"

"మీదే."

"రాయి మీరే కోసి, మీరే పగలగొట్టి, తరుగు మాదంటే ఎలాగండి?"

అతను నవ్వాడు. "నువ్వు గోదారోడివి గదా?"

"ఎలా తెలిసిందండి?"

"గొంతు మీద కత్తి వెట్టి గూడ అండి అంటున్నవ్."

మూడోసారి వెళ్ళేసరికి తరుగు వాళ్ళదే అయ్యింది, రేటు పదమూడుకి దిగింది. పాత రాయిని తియ్యకుండా, ఉన్నచోటే డ్రిల్లు వేసి స్టీలు మేకు బిగించడానికి ఎంతో కూడా అడిగాను. రాయికి అర దీనారు. దాంతో పని ఉంటుందని కాదు. రేటు తెలుసుకోవడానికి ఖర్చేం లేదు.

"కొలత మీరు దెచ్చుడే," అన్నాడు చివరికి. "అడ్వాన్స్ ఇచ్చినంక మేమొచ్చి చూస్కుంటం. నాలుగు దిక్కుల కొలత కావాలె. గీ పెన్సిల్‌ది ఏంది?"

"అది ఇంకా రాలేదండి."

మధ్యాహ్నం భోజనం పళ్ళెం చెల్లెమ్మ వంటింటి తలుపు దగ్గర నాకు అందిస్తుంది. ఆ రోజు పళ్ళెం అందుకొని కదలకుండా నిలబడ్డాను.

"చెల్లెమ్మా, వెనక గోడ ఎంతుంటదమ్మా?"

"యా గోడ?"

"బట్టలారేసే చోటుందిగా, అక్కడిది."

"పెద్దగానే ఉంటాది."

"పెద్దగా అంటే?"

"నాలుగు దుప్పట్లు ఆరేస్తే తీగ నిండుతాది. ఆ తీగకి అటు రవ్వంత, ఇటు రవ్వంత."

"దుప్పటి ఎంత?"

"దుప్పటంత." నా ముఖం చూసి నవ్వింది. "ఏమిటికన్నా నీకు? గోడకు లంగా కుట్టిస్తావా?"

ఫోటో తీసి పంపమని అడిగేవాణ్ణే. కానీ ఆడవాళ్ళ పెరట్లో ఫోను కెమెరా తియ్యడమంటే ఈ ఇంట్లోనే కాదు, ఈ వీధిలో ఏ ఇంట్లోనూ రెండో రోజు ఉద్యోగం ఉండదు. తీగ మీద ఇంటివాళ్ళ బట్టలుంటాయి, ఆ ఫోటో వచ్చేది మగవాడి ఫోనుకి. అందుకని టేపు ఇస్తానన్నాను.

"ఒక కొస నేను పట్టుకుంటే రెండోది ఎవరు పట్టుకుంటార్నా? మామానా?"

"సర్లే. రాళ్ళు లెక్కెట్టు. గోడ మీద ఎన్ని రాళ్ళున్నాయో అన్నీ."

"అన్నీనా?" అంది. తర్వాత, "సరే పో, ఎంగిలి కంచం దబ్బున తెచ్చియ్యి," అంది.

రెండు రోజులకి జవాబు వచ్చింది. "ఆరు నూర్ల నలభై మూడు."

"ఎలా లెక్కెట్టేవు?"

పది రాళ్ళకి ఒక బట్టల క్లిప్పు చొప్పున తీగకి పెట్టుకుంటూ వెళ్ళిందట. అరవై నాలుగు క్లిప్పులయ్యాయి, పైన మూడు రాళ్ళు. మంచి పద్ధతి. నేను మెచ్చుకున్నాను. తరవాత నా అలవాటు ప్రకారం సరిచూడ్డానికి కూర్చున్నాను. అడుగు వరుసలో ఎన్నని అడిగితే ఇరవై ఐదు అంది. నిలువునా ముప్పై. తలుపు పద్నాలుగు రాళ్ళ చోటు తింటుంది, చిన్న కిటికీలు రెండూ ఎనిమిదేసి. ఏడు వందల యాభైలోంచి ముప్పై పోతే ఏడు వందల ఇరవై.

"నీ లెక్క తప్పమ్మా. డెబ్బై ఏడు తేడా వస్తంది."

"నా లెక్క తప్పు గాదు."

"మళ్ళీ లెక్కెట్టు."

మర్నాడు పళ్ళెం ఇస్తూ, నేనడక్కముందే, "ఆరు నూర్ల నలభై మూడు," అంది. ఒకే తప్పు రెండుసార్లు సరిగ్గా చేయడం చాలా కష్టం. అది నాకు తెలుసు.

"మరి ఇరవై ఐదు ముప్పైలు ఏడు వందల యాభై కదమ్మా. ఆ డెబ్బై ఏడూ ఏవీ?"

"లేనివి గూడా లెక్కబెట్టాల్నా?"

"లేనివేంటి?"

"లేనివంటే లేనివి. నువ్వు గోడ మీద ఉండేవి లెక్కబెట్టమంటివి. ఉండేవి చెప్పినా."

మా వైపు తోటలో చెట్టు చచ్చిపోయి గొయ్యి మిగిలినా దాన్ని కూడా లెక్కలో చూపిస్తాం. కౌలుదారు అక్కడ మొక్క నాటాలి కదా. లెక్కపెట్టేది చోటుని, చెట్టుని కాదు. వాళ్ళ వైపు అలాంటి తోటల్లేవు. పళ్ళెం పట్టుకొని ఆ మాట ఆలోచిస్తూ నిలబడ్డాను. పప్పు చల్లారింది.

"ఎక్కడున్నాయి అవి?"

ఆమె వెనక్కి తిరిగి హాలు వైపు చూసుకొని గొంతు తగ్గించింది. "పదకొండు నా మంచం కింద ఉండాయి. కడమవి నీళ్ళ డ్రమ్ము ఎనకాల పేర్చినా. పోయిన ఎండాకాలానికి ముందు ఎండాకాలం మొదులైనాయి. ఒకటి తలగడ గలీబు ఆరేస్తాంటే పక్కనే పడె. ఇంత దూరం." వేళ్ళు చాపి చూపించింది. జానెడు.

"మరి నువ్వెలా వెళ్తున్నావు అటు?"

"గాలి ఉండే దినాల్లో బట్టల బుట్ట నెత్తిన బోర్లించుకోని పోతా."

ఆ బుట్ట కోఆపరేటివ్‌లో కొన్నప్పుడు నేనే మోసుకొచ్చాను. ప్లాస్టిక్‌ది. అర కిలో ఉంటుంది.

"మామాకి చెప్పలేదేం?"

"చెప్తే ఆ తలుపుకి బీగం ఏస్తాది." ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. "మూడున్నరకు మామా పండుకుంటాది. అక్కడ మన ఊళ్ళో ఆరు. నా బిడ్డ కాలేజీ నుంచి వచ్చింటాది. ఆ అర్ధగంట ఆడ కూర్చోని మాట్లాడతా. ఇంట్లో యాడ కూర్చున్నా ఎవరో ఒకరు పిలుస్తారు. ఆడికైతే ఎవురూ రారు. నువ్వు చెప్పొద్దన్నా. నా మీద ఒట్టు."

ఆమె తన మీద తానే ఒట్టు వేసుకొని నా చేతిలో పెట్టింది. నేను మాటివ్వలేదు. ఇవ్వడం లేదని చెప్పనూ లేదు. చల్లారిన పప్పన్నం తిని, నోటుబుక్కు తీసి, డెబ్బై ఏడుని తొమ్మిదీ పాయింట్ మూడుతో హెచ్చవేశాను. ఏడు వందల పదహారు కిలోలు. రెండేళ్ళలో ఏడు వందల పదహారు కిలోల రాయి ఒక మనిషి పక్కన పడింది. ఒక్కటీ మీద పడలేదు. దాన్నుంచి ముందు ముందు కూడా పడదని లెక్క తేల్చడానికి వీల్లేదు.

అంచనా పూర్తి చేశాను. నాలుగు గోడలూ వేయిస్తే ఏడు వేల మూడు వందల అరవై మూడు దీనార్ల ఎనిమిది వందల నలభై ఫిల్సు. దీనారుకి వెయ్యి ఫిల్సు. ఆరు వేలకి పదమూడు వందలకి పైగా ఎక్కువ. ఏదో ఒక గోడ వదిలెయ్యాలి. ఏ ఒక్కటి వదిలేసినా ఆరు వేలలో పడుతుంది. చిన్నదైన ముందు గోడ వదిలినా సరే. కాబట్టి ప్రశ్న ఎంత అన్నది కాదు, ఏది అన్నది. దానికి జవాబు ఈ దేశంలోనే కాదు, ఏ దేశంలోనైనా ఒకటే. వెనకది.

బాబా దివానియాలో కూర్చొని కాగితం చదివాడు. దివానియా అంటే బయటి నుంచి వచ్చే మగవాళ్ళు కూర్చునే గది. నేను టీ బల్ల పక్కన నిలబడ్డాను. లోపలి తలుపు పరదా వెనక కుర్చీ కిర్రుమంది. మామా వింటోంది.

"వెనకది కొట్టెయ్," అన్నాడు బాబా. పెన్ను తీసి తనే గీత పెట్టబోయాడు.

"వెనక ఎవరు చూస్తారు?" అంది పరదా.

ఆ గీత పడితే వెనక గోడ ఇంకో ఇరవై ఏళ్ళు అలాగే ఉంటుంది. నిజం చెబితే తలుపుకి తాళం పడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూసుకోవడానికి నాకు మూడు రోజులు టైము దొరికింది. చూసుకొనే వచ్చాను.

"బాబా, వెనక గోడ మీద ఏడు వందల ఇరవై ఉండాలి. ఆరు వందల నలభై మూడున్నాయి."

ముప్పై ఏళ్ళు గిడ్డంగిలో సరుకు సరిచూసిన మనిషితో ఇంతకంటే ఎక్కువ మాట్లాడక్కర్లేదు. బాబా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"తక్కువైనవి ఎక్కడున్నాయి?"

"కింద."

"ఎవరు లెక్కపెట్టారు?"

అటు వెళ్ళేది ఒక్కతేనని బాబాకీ తెలుసు. ఆయన లేచి, తన ఇంటి వెనక్కి తనే నడుచుకుంటూ వెళ్ళాడు. ఆయనా అటు వెళ్ళి ఎన్నేళ్ళయిందో. తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత పదకొండు నిమిషాలు ఏమీ వినిపించలేదు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక రాయి ఉంది. దాన్ని టీ బల్ల మీద, చక్కెర గిన్నె పక్కన పెట్టాడు.

పరదా వెనక మాటలు నాకు బాగానే వినిపించాయి.

"ఆ పిల్ల నాకెందుకు చెప్పలేదు?" అంది మామా.

"చెబితే ఏం చేసేదానివి?"

"తలుపుకి తాళం వేయించేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

"తాళం వేయిస్తాను," అంది మామా. అన్న మాట ప్రకారం ఆ సాయంత్రమే వేయించింది. తాళం కొనుక్కొచ్చింది నేనే. దీనారుంబావు.

బాబా మళ్ళీ కాగితం ముందు కూర్చున్నాడు. "ముహందిస్, ఏ గోడ వదలమంటావు?"

"నేను డ్రైవర్ని, బాబా."

"చెప్పు, యల్లా."

"ముందు గోడ కింద ఉండేది నేనూ, కారూ. కారుని జరిపి పెట్టుకోవచ్చు."

బాబా కాసేపు రాయిని చూశాడు. తరవాత ముందు గోడ మీద గీత పెట్టాడు. పరదా వెనక కుర్చీ గట్టిగా కిర్రుమంది.

"తెల్ల రాయి ఏమైంది?"

"వేయిస్తున్నాను. వెనక."

"వెనక ఎవరు చూస్తారని తెల్లది?"

"బట్టలు," అన్నాడు బాబా.

వెనకా, రెండు పక్కలా కలిపి ఐదు వేల తొమ్మిది వందల ముప్పై ఒక్క దీనార్ల ఏడు వందల అరవై ఫిల్సు. మిగిలింది అరవై ఎనిమిది దీనార్లూ చిల్లర. బానెట్ సొట్ట తీయిద్దామా అని బాబా అడిగాడు. సొట్ట ఎవరి మీదా పడదు బాబా అన్నాను. ముందు గోడ మీద వీధి గుమ్మం పైనా, కారు ఆగే చోటు పైనా ఉన్న నూట ముప్పై ఆరు పాత రాళ్ళకి స్టీలు మేకులు కొట్టించడానికి ఆ డబ్బు సరిపోయింది. రెండు వందల నలభై ఫిల్సు మిగిలితే తిరిగి ఇవ్వబోయాను. టీ తాగమన్నాడు.

ఆ తరవాతి ఏడు వారాలు చెల్లెమ్మ నాతో మాట్లాడలేదు. పళ్ళెం వచ్చేది, పచ్చడి వచ్చేది కాదు. పెరటి తలుపుకి తాళం పడ్డాక బట్టలు మేడ మీద ఆరెయ్యాల్సి వచ్చింది. నలభై ఒక్క మెట్లు. అక్కడ ఫోను సిగ్నల్ బాగానే ఉంటుంది, నీడే ఉండదు. మే నెల్లో మూడున్నరకి మేడ మీద అరగంట కూర్చోవడం కుదరదు. ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడి దిగిపోతోందని ఆమె మెట్లు దిగే చప్పుడుని బట్టి తెలిసేది. ఒకరోజు పళ్ళెం ఇస్తూ ఒక్క మాట అంది.

"నీకు మనిషి కంటే లెక్కలెక్కువైపోయినాయన్నా."

దానికి నా దగ్గర జవాబుంది. కానీ అదీ లెక్కే. ఏడు వందల పదహారు కిలోలు. అందుకని చెప్పలేదు.

యార్డువాళ్ళు వచ్చినప్పుడు వెనక పని జరిగినన్నాళ్ళూ బాబా అక్కడే ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నాకు బాబా మనవల స్కూలు పరీక్షలూ, మామా మోకాళ్ళ డాక్టరూ, రోడ్డే సరిపోయింది. సులైబియా అతను చివరి రోజు వచ్చి, గేటు దగ్గర నిలబడి ఇంటి ముందు వైపు చూశాడు.

"నా సర్వీసుల ఇసొంటి పని సూడలే. పెండ్లికొడుక్కి ఎనకనుంచి సూట్ వేసి, ముంగట పాత లుంగీ విడిసినట్టున్నది."

"లుంగీకి మేకులు కొట్టేరు కదండి," అన్నాను.

జూన్ మొదట్లో మామా తాళం తీయించింది. తాళంచెవి చెల్లెమ్మకే ఇచ్చింది. ఆ మధ్యాహ్నం పళ్ళెం కోసం వెళ్ళేసరికి ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"డెబ్బై రెండు క్లిప్పులు," అంది. "పైన ఒక్క రాయి గూడా మిగల్లే. ఏడు నూర్ల ఇరవై. రాసుకో."

"రెండోసారి లెక్కెట్టేవా?"

"మూడుసార్లు లెక్కబెట్టినా. నీ మాదిరి అయిపోతి."

గదిలోకి వచ్చి నోటుబుక్కు తీశాను. పెన్సిల్‌తో రాసిన ఆరు వందల పన్నెండుని రబ్బరుతో చెరిపి, ఆ చోట పెన్నుతో ఏడు వందల ఇరవై అని రాశాను. కంటితో చూడని గోడకి పెన్నుతో అంకె వేయడం నాకదే మొదటిసారి. తెల్ల రాయి బాగుందంటారు. బాబా అంటాడు, ఆమె అంటుంది. నేను చూడలేదు, చూడను కూడా.

పళ్ళెంలో గోంగూర పచ్చడి ఉంది.

మూడున్నరకి కారులో కూర్చున్నాను. మామా నిద్రపోతోంది. ఇంటి వెనక నుంచి, మాట వినపడనంత దూరంగా, ఒక గొంతు ఆగకుండా మాట్లాడుతోంది. మధ్యలో ఒకసారి నవ్వింది. నేను ముందు గోడ వైపు తిరిగి పై వరుస నుంచి మొదలుపెట్టాను. ఆరు వందల పదకొండు. అన్నీ ఉన్నాయి.